ఆటలోకమున జనమేల తగ్గినది?

2015 నవంబరులో అమెరికాయందలి బ్లిజార్డు సంస్థ, తమ ఆటకు చందాదారులెందరో ఇకమీదట ప్రకటింపబోమని తెలిపినది. ఆ ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అప్పటికి చందాదారులు 55 లక్షలు. ఐదేండ్లకు ముందు, 2010 అక్టోబరులో, వారు 1 కోటి 20 లక్షలు. తరుగుచున్న లెక్కను చాటుకొనుట ఎవరికి ఇష్టము?

కంప్యూటరు ఆట యనగానే ఒంటరిగా కూర్చుండి మీటలు నొక్కు బాలుడు మన కన్నులకు గట్టును. ఇది అట్టిది కాదు. 2004 నవంబరులో వెలువడిన ఈ ఆటలో వేలాదిమంది తమ తమ ఇండ్లనుండియే ఇంటర్నెట్టు ద్వారా ఒకే కల్పిత దేశమున ప్రవేశింతురు. అందు పట్టణములు, అడవులు, గుహలు గలవు. గుహలోని రాక్షసుని గెలుచుటకు ఐదుగురు కావలెను: దెబ్బలకు ఎదురు నిలుచువాడొకడు, గాయములు మాన్పువాడొకడు, కొట్టువారు ముగ్గురు. పెద్ద రాక్షసులకు మొదట నలుబదిమంది కావలసివచ్చెడిది. కావున మనుష్యులను వెదకుకొనుటయే ఆటలో సగము పని. పట్టణపు కూడలిలో నిలిచి కేకలు వేయవలెను. దొరికినవారితో గుహదాక పోవలెను. దారి పొడవున మాటలు సాగును. సొమ్ము పంచుకొనునప్పుడు మోసగించినవాని పేరు ఆ సర్వరులో నలుగురికిని తెలిసిపోవును. మరునాడు వానిని పిలుచువారుండరు.

ఈ తిరుగుడు పలువురకు విసుగయినది. 2009 డిసెంబరులో సంస్థ ఒక సదుపాయము కల్పించినది. మీట నొక్కినచో యంత్రమే వేర్వేరు సర్వర్లనుండి ఐదుగురిని కూర్చి తిన్నగా గుహలో దింపును. పలుకరింపవలసిన పని లేదు. ముగియగానే ఎవరి దారి వారిది. మరల కలిసికొనుట అరుదు.

దీనివలననే జనము తగ్గినదనుట తొందరపాటు. గరిష్ఠ సంఖ్య వచ్చినది ఆ పిదప పది నెలలకే గదా! నా యూహలో ఆ సదుపాయము ఎవరిని వెడలగొట్టలేదు. వెడలువారిని పట్టి నిలుపు ముడిని మాత్రము సడలించినది. 2004లో విద్యార్థులైనవారు పదేండ్లకు ఉద్యోగులు, తలిదండ్రులు అయిరి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ వంటి ఉచితపు ఆటలు వచ్చినవి. దీనికో, అమెరికాలో నెలకు సుమారు 15 డాలర్లు చెల్లింపవలెను. అట్టివేళ ‘నీవు రాకున్న నేటి రాత్రి మన దండు సాగదు’ అను స్నేహితుడుండుట వేరు, లేకుండుట వేరు. ఆ దండులో గాయములు మాన్పువారిద్దరు మానినచో తక్కినవారెల్ల చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. ఒక్క పాత్రధారి రానినాడు మా స్టూడియోలో నాటకపు రిహార్సలేమగునో నేనెరుగుదును.

క్రొత్తవారి చిక్కు మరియొకటి. మొదట ఆటలో 60 మెట్లు. రెండేండ్లకొక క్రొత్త భాగము చేరి 2014 నాటికి 100 అయినవి. జనమంతయు పైమెట్టున, క్రొత్తవాడు నిర్జనదేశములగుండ ఎక్కిరావలెను. విరుగుడుగా 2014లో సంస్థ వానిని ఒక్కసారిగా 90వ మెట్టున నిలుపసాగినది. ఇక పాతదేశమును త్రొక్కువారెవరు? ఆ నవంబరులో క్రొత్త భాగము వెలువడగా చందాదారులు కోటి దాటిరి. 2015 మార్చి చివరికి 71 లక్షలు, జూను చివరికి 56 లక్షలు. చూచిరి, ముగించిరి, పోయిరి.

కొందరు అభిమానులు ఆట పాతరూపమును నాస్టాల్రియస్ అను పేర స్వయముగా నడుపుకొనిరి. సంస్థ వకీళ్ల లేఖతో 2016 ఏప్రిలులో అది మూతపడగా, పాతరూపమును తిరిగి ఇమ్మని రెండు లక్షలకు పైగా సంతకములు చేరినవి. 2019 ఆగస్టులో సంస్థయే దానిని వెలువరించినది. తొలి రాత్రులలో ప్రవేశమునకు గంటలకొలది వేచియుండవలసివచ్చినది. అయినను 2005లో రాగ్నరోస్ అను రాక్షసుని తొలిసారి కూల్చుటకు ఐదు నెలలు పట్టగా, ఈమారు వారము తిరుగకమునుపే వాడు కూలినాడు. కిటుకులన్నియు ముందే తెలిసినవి మరి.

2022లో వెలువడిన తరువాతి పాతరూపమున ఆ మీట లేకుండ చేసిరి. ఆడువారిలో పెక్కురు అదియే కావలెనని పట్టుపట్టిరి. 2023లో మరల చేర్చిరి.