పలుకని ఫైళ్లు

మన ప్రాంత చరిత్రలో చక్కెర కర్మాగారానికి గల స్థానాన్ని విద్యార్థులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1937లో బోధనులో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. అందులో పని చేసి విశ్రాంతి పొందిన పెద్దల జ్ఞాపకాలను వారి కంఠస్వరంతోనే భద్రపరచవలెనని మన విద్యార్థులు కొందరు పూనుకున్నారు. శక్కర్‌నగర్‌లోను, వర్ని పరిసర గ్రామాలలోను తిరిగి, కొన్ని తెలుగులోను కొన్ని దక్కనీ ఉర్దూలోను రికార్డు చేసుకొని వచ్చారు. మన ప్రయోగశాలలోని కంప్యూటర్లు డెబియన్ అనే స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థపై నడుస్తున్నవి. వాటిలో ఫైళ్లను తెరువగా సగానికి పైగా పలుకలేదు. మాట్లాడిన పెద్దలలో ఒకరు అప్పటికే కాలధర్మం చెందారు. ఆయన కుమారుడు తండ్రి స్వరం విందామని వచ్చి అరగంటసేపు కూర్చొని, ఏమీ వినకుండానే వెళ్లిపోయాడు.

"సార్, ఈ కంప్యూటర్లు పనికిరావు, ఫైళ్లు చెడిపోయినవి" అని విద్యార్థులు తీర్మానించారు. రెండు మాటలూ తప్పే. ఆ తప్పు ఎక్కడ ఉన్నదో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక ఉపమానం. గోనెసంచిపై "చక్కెర" అని అచ్చు వేసి ఉండవచ్చును. లోపల ఉన్నది బెల్లం కావచ్చును. ధ్వని ఫైలు కూడ ఇట్టిదే. ఫైలు పేరు చివర ఉండే అక్షరాలు సంచిపై రాత మాత్రమే. సంచి వేరు, సరుకు వేరు. సరుకును, అనగా ధ్వనిని, కుదించే పద్ధతికే కోడెక్ అని పేరు. సీడీ స్థాయి ధ్వనికి సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు, రెండు మార్గాలు కావలెను. ఆ లెక్కన గంటసేపటి ధ్వనికి సుమారు 635 మెగాబైట్ల చోటు అవసరం. అదే సంభాషణను సెకనుకు 32 కిలోబిట్లకు కుదించినచో గంటకు పదిహేను మెగాబైట్లు చాలును. అయితే ఈ కుదింపు చెరకును గానుగ ఆడించుట వంటిది. రసం నిలుస్తుంది, పిప్పి పోతుంది. చక్కెర నుండి తిరిగి చెరకును చేయుట ఎవరి తరమూ కాదు.

ఆ కుదింపును విప్పే సాఫ్ట్‌వేరు లేనప్పుడు ఫైలు నిక్షేపంగా ఉన్నా పలుకదు. అది ఎందుకు లేదు? చాలా కోడెక్‌లు కంపెనీల సొత్తు. కొన్నింటిపై పేటెంట్లు ఉండేవి, కొన్నింటి వివరాలను కంపెనీలు ప్రకటించలేదు. అందరికీ బాగా తెలిసిన ఎంపీ3కే ఈ చిక్కు ఉండేది. దాని నిర్మాణంలో ముఖ్య పాత్ర వహించిన జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ తన లైసెన్సు కార్యక్రమాన్ని 2017 ఏప్రిల్‌లో ముగించినది. అంతకుముందు కొన్ని స్వేచ్ఛా వ్యవస్థలు, న్యాయ వివాదాలకు జంకి, ఎంపీ3ని విప్పే భాగాన్ని తమతో చేర్చి ఇచ్చేవి కావు. కనుక లోపం యంత్రానిది కాదు, చట్టానిది. ఈ రంగంలో వాడుకలో ఉన్న జీస్ట్రీమర్ అనే సాఫ్ట్‌వేరు తన భాగాలను మూడు మూటలుగా కట్టి, వాటికి "మంచి, చెడ్డ, వికారి" అని ఒక పాత ఇటాలియన్ చిత్రం పేరు పెట్టుకున్నది. "వికారి" మూటలోనివి పనితనంలో బాగున్నవే. పంపిణీకి చట్టరీత్యా చిక్కులు రావచ్చునని ఆ పేరు. ఇంజనీర్లకు హాస్యం ఉండదన్న మాట ఇకపై నమ్మను.

మన ఫైళ్ల సంగతికి వద్దాం. ధ్వని రానప్పుడు మొదట పలికే ఫైలునొకదానిని పెట్టి చూడవలెను. అదీ పలుకనిచో కోడెక్‌ను నిందించి లాభం లేదు; స్పీకరు తీగనో, శబ్దం మరొక మార్గానికి మళ్లియుండుటనో అనుమానించవలెను. ఒక కంప్యూటరులో శబ్దమంతా స్పీకర్లు లేని తెరకు పోవుచున్నట్లు మేము కనుగొన్నాము. అది రెండు నిమిషాల పని. మిగిలినవి అంత తేలికగా లొంగలేదు.

కాలధర్మం చెందిన ఆ పెద్దాయన ఫైలు పేరు చివర ఎంపీ3 అని ఉన్నది. "ఫైల్" అనే ఆజ్ఞను ప్రయోగించినచో కంప్యూటరు పేరును పట్టించుకోక, ఫైలు మొదటి బైట్లను చదివి అసలు రకం చెబుతుంది. అది మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్ఎఫ్ అని తేలినది. విచారించగా ఒక విద్యార్థి, పేరు మార్చినచో పలుకుతుందన్న ఆశతో, తానే డబ్ల్యూఎంఏ అన్న చోట ఎంపీ3 అని దిద్దినట్లు ఒప్పుకున్నాడు. పాపం, సంచిపై రాత మార్చినంతనే సరుకు మారునా! పిదప "ఎఫ్ఎఫ్‌ప్రోబ్" అనే పనిముట్టుతో లోపలి కోడెక్ చూడగా, అది మాటల కొరకే రూపొందించిన డబ్ల్యూఎంఏ వాయిస్. కొన్ని చేతి రికార్డర్లు ఈ పద్ధతినే వాడేవి. దీని వివరాలను కంపెనీ ప్రకటించకున్నా, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిర్మాతలు దానిని విప్పే మార్గం కనుగొన్నారు. మా ప్లేయరు జీస్ట్రీమర్‌పై ఆధారపడినది. ఆ రెండింటికి వారధి అయిన "లిబావ్" అనే ప్యాకేజీ అందులో లేదు. అంతే లోపం. దానిని డెబియన్ భాండాగారం నుండి స్థాపించిన వెంటనే ఆ పెద్దాయన గొంతు గది అంతా నిండినది. క్రషింగు కాలంలో రాత్రి పాళీ ఎట్లుండెనో చెబుతూ, నడుమ ఎవరినో చాయ్ తెమ్మని కేకవేసిన మాట కూడ స్పష్టంగా ఉన్నది.

ప్యాకేజీలను స్థాపించే అధికారం లేని విద్యార్థులు వీఎల్‌సీ అనే ప్లేయరు తమ యంత్రంలో ఉన్నదేమో చూడవచ్చును; అది విప్పే పరికరాలను తనతోనే తెచ్చుకుంటుంది. 1996లో పారిస్‌లోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు తమ ఆవరణ అవసరం కొరకు ప్రారంభించిన పని ఇది. 2001లో స్వేచ్ఛా లైసెన్సు కిందకు వచ్చి ప్రపంచమంతటా వ్యాపించినది.

మరొక ఫైలు సెల్‌ఫోనులో రికార్డు అవుతుండగా బ్యాటరీ అయిపోయినది. ఇట్టి ఫైళ్లలో ధ్వని ఎక్కడెక్కడ ఉన్నదో చెప్పే పట్టిక, రికార్డింగు ముగిసిన పిదప చివరలో రాయబడుతుంది. ముగింపే లేదు కనుక పట్టిక లేదు. సూచిక లేని గ్రంథమైనా చదువవచ్చును గాని, ఈ పట్టిక లేని ఫైలును ప్లేయరు తెరువనైనా తెరువదు. అదే ఫోనులో చేసిన మరొక మంచి ఫైలును నమూనాగా చూపినచో పట్టికను తిరిగి కట్టగల "అన్‌ట్రంక్" అనే సాధనం కలదు. దానితో చాలా భాగం దక్కినది.

విప్పిన వాటన్నిటిని ఫ్లాక్ పద్ధతిలోనికి మార్చి ఉంచాము. ఇది 2001 నుండి ఉన్నది, ఎవరి సొత్తూ కాదు, ఉన్న ధ్వనిలో ఏమీ పోనివ్వదు. చోటు మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. అసలు ఫైళ్లను కూడ చెరపలేదు. మార్చిన వెంటనే అసలును తుడిచివేయుట తొందరపాటు, రేపు ఇంతకంటె మంచి సాధనం రావచ్చును. పెద్దాయన కుమారునికి ఒక ప్రతి ఇచ్చాము. ఈసారి అతడు తన తల్లిని వెంట తెచ్చుకున్నాడు.

ఇక మిగిలినవి నాలుగు. ఒక పాత ముషాయిరా సీడీ నుండి ఎవరో తమ ఇంటి కంప్యూటరులోనికి ఎక్కించుకున్న ఫైళ్లు ఇవి. ఎక్కించే సమయంలో ప్లేయరులో "కాపీ రక్షణ" అన్న గడి టిక్కు పెట్టి ఉండినందున, ధ్వని గుప్తలిపిలో భద్రమైనది. తాళపుచెవి ఆ ఇంటి కంప్యూటరులోనే ఉండెను. ఆ కంప్యూటరును పాత ఇనుపసామానుకు అమ్మివేశారు. వీటికి కోడెక్ కొరత లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాటి పేరును, నిడివిని కూడ చెప్పగలదు. ధ్వనిని మాత్రం ఇవ్వలేదు. మనదే అయిన కవిత్వం, మన ఊరివారే చదివినది, మన చేతిలోనే ఉండి మనకు వినబడదు. నేను ఎరిగినంతలో దీనికి ఒక్కటే ఉపాయం ఉన్నది, అది అసలు సీడీ. దాని ప్రతి ఎవరి ఇంటనైనా ఉన్నచో కళాశాల గ్రంథాలయంలో ఒక దినం కొరకు ఇప్పించగలరు. మరునాడే భద్రంగా తిరిగి అందజేయబడుతుంది.