‘నువ్వెవరు?’ అని అడగని యంత్రాలు

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరుచుకుపడింది. రాజంపేట మండలం ఆర్గొండలో వాన 40 సెంటీమీటర్లు దాటింది. ఆ అంకెను ఎవరూ గొడుగేసుకుని వెళ్లి కొలవలేదు. మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు తమంతట తామే కొలిచి, లెక్కను హైదరాబాద్‌కు పంపుతాయి. రోడ్లు తెగి, మనిషి అడుగు బయట పెట్టలేని రాత్రుల్లో వీటి విలువ తెలిసొస్తుంది.

అయితే ఊరి చుట్టూ ఇప్పుడు కొలిచే పరికరాలే కాదు, పని చేసే పరికరాలూ పెరుగుతున్నాయి. దూరం నుంచి బ్రేకర్ వేసేవి, మోటారు ఆపేవి, వాల్వు తిప్పేవి. కొలిచే యంత్రం అబద్ధం చెబితే లెక్క తప్పుతుంది. పని చేసే యంత్రం తప్పుడు మాట వింటే ట్యాంకు పొంగుతుంది, ఫీడర్ పడిపోతుంది, స్తంభం మీదున్న మనిషి ప్రాణానికే ముప్పు వస్తుంది. ఈ రెండో రకం యంత్రాలు ఎవరి మాట వింటాయన్నదే అసలు ప్రశ్న.

ఫ్యాక్టరీలో అయినా, నీటి శుద్ధి కేంద్రంలో అయినా, సబ్‌స్టేషన్‌లో అయినా ఇలాంటి పనులకు వాడేది సాధారణంగా పీఎల్‌సీ అనో, ఆర్‌టీయూ అనో పిలిచే చిన్న పెట్టె. దానికి తెలిసిన విద్య తక్కువ. సెన్సర్లను చదవడం, లోపల రాసి ఉన్న నియమాలతో పోల్చడం, రిలేలను కదిలించడం. సెకనులో ఎన్నోసార్లు ఇదే చుట్టు తిరుగుతుంది. బయటి నుంచి ఆజ్ఞ వస్తే దాన్నీ ఇందులో కలుపుకుంటుంది.

ఆ ఆజ్ఞ ఎలా ఉంటుందో ఒకసారి విప్పి చూద్దాం. మోడికాన్ అనే అమెరికా కంపెనీ 1979లో ‘మోడ్‌బస్’ అనే సంభాషణ పద్ధతిని తెచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. ఒక రిలేను ఆన్ చేయమని చెప్పే మోడ్‌బస్ సందేశం తీగ మీద మొత్తం 8 బైట్లు. మొదటి బైటు ఏ పరికరానికో చెబుతుంది. రెండోది ఏం చేయాలో చెబుతుంది, రిలేను మార్చాలంటే 5. తర్వాతి రెండూ ఏ రిలేనో, ఆ తర్వాతి రెండూ ఆనో ఆఫో. చివరి రెండూ దారిలో అక్షరాలు చెడిపోలేదని సరిచూసుకునే లెక్క. ఎవరు పంపారో చెప్పే చోటు ఈ 8 బైట్లలో ఎక్కడా లేదు. చివరి లెక్క తీగలోని గరగరను పట్టుకుంటుంది కానీ దొంగను పట్టుకోదు. మన సబ్‌స్టేషన్లలో వాడే 101, 104 ప్రోటోకాళ్లు ఇంతకంటే తెలివైనవే అయినా, ఈ విషయంలో మాత్రం అదే తంతు.

దీన్ని సబ్‌స్టేషన్‌లోనే మనుషుల మధ్య నడిచే పద్ధతితో పోల్చి చూడండి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు. ఏ ఫీడర్, ఎవరు అడిగారు, ఎన్ని గంటలకు అన్నది ఆపరేటర్ రిజిస్టర్లో రాసుకుని సరఫరా ఆపుతాడు. పని అయ్యాక తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి, మధ్యలో ఇంకెవరో ఫోన్ చేసి ‘లైను వేసెయ్యన్నా’ అంటే వేయకూడదు. ఈ కట్టుబాటు తప్పిన చోటల్లా లైన్‌మన్లు బలయ్యారు. మనుషుల విషయంలో ఇంత ఖర్చుతో నేర్చుకున్న పాఠాన్ని యంత్రాలకు నేర్పకుండానే వాటికి ఫోన్ కనెక్షన్ ఇచ్చేశాం.

చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లని కాదు. 1979లో ఆ తీగ ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకానే ఉండేది. గదికి తాళం ఉంటే చాలు. ఆ తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి, ఆఫీసులో కూర్చునే చూసుకోవడానికి తీగకు మోడెమ్, మోడెమ్‌కు ఇంటర్నెట్ తగిలించారు. పెట్టె మాత్రం అదే. మన ఫోన్‌లా రాత్రికి రాత్రి అప్‌డేట్ చేయడానికి వీల్లేదు, ప్లాంటు ఆపాలి. ఒకసారి బిగించాక పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో అక్కడే పని చేస్తుంది. తయారీదారులు లోపలే రాసేసిన, ఎవరూ మార్చలేని పాస్‌వర్డులు కొన్నిట్లో బయటపడ్డాయి. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో సెంట్రిఫ్యూజులను పాడుచేసి, 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ వాడుకున్న దారుల్లో అలాంటి పాస్‌వర్డ్ ఒకటి. అది సీమెన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది.

మన దగ్గర జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. 2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ కూడా వాటిలో ఉంది. ఆన్‌లైన్ బిల్లు చెల్లింపులు నిలిచిపోయాయి, దుండగులు బిట్‌కాయిన్లు అడిగారు. కరెంటు మాత్రం పోలేదు. బిల్లుల కంప్యూటరు వేరు, బ్రేకర్‌ను కదిలించే పెట్టె వేరు కాబట్టి. సమాచారం కాపీలు భద్రంగా ఉన్నవాళ్లు ఇలాంటి దెబ్బ నుంచి కోలుకుంటారు.

రెండోది 2021లో జరిగింది. ఆ ఏడాది ఫిబ్రవరి 28న రికార్డెడ్ ఫ్యూచర్ అనే అమెరికా సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. తాము ‘రెడ్ ఎకో’ అని పిలిచే, చైనాతో సంబంధముందని చెప్పిన ఒక బృందం భారత విద్యుత్ రంగంలో 10 సంస్థలపై, 2 ఓడరేవులపై గురిపెట్టిందని అందులో ఉంది. ఆ జాబితాలో తెలంగాణ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం పేరుంది. రాష్ట్రమంతటా ఎక్కడ ఎంత లోడు నడవాలో చూసేది ఈ కేంద్రమే. వెబ్‌సైట్ల మీద దాడి కంటే ఇది ఒక గది లోపలికి వచ్చినట్టు. కేంద్ర ప్రభుత్వ సైబర్ సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించడంతో అనుమానాస్పద సర్వర్ల చిరునామాలను అడ్డుకున్నారని, పాస్‌వర్డులు మార్చారని, బ్రేకర్లను దూరం నుంచి కదిపే సౌకర్యాన్ని నిలిపేశారని అప్పట్లో పత్రికలు రాశాయి. సరఫరాకు ఇబ్బంది రాలేదు. నాకు ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమనిపిస్తుంది. కాసేపు సౌకర్యం వదులుకుని, బ్రేకర్‌ను మళ్లీ మనిషి చేతికి ఇచ్చారు.

చేతితో నడిపే దారి ఉంటే ఎంత మేలో ఉక్రెయిన్ చూపింది. 2015 డిసెంబర్ 23న అక్కడ మూడు పంపిణీ సంస్థల ఆపరేటర్లు చూస్తుండగానే తెర మీద మౌస్ బాణం తనంతట తాను కదిలి బ్రేకర్లను ఒక్కొక్కటిగా తెరిచేసింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. వెళ్తూ వెళ్తూ దుండగులు సబ్‌స్టేషన్లతో మాట్లాడే పరికరాల లోపలి సాఫ్ట్‌వేర్‌ను కూడా చెరిపేశారు. అయినా కొన్ని గంటల్లోనే సరఫరా తిరిగొచ్చింది. సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు.

అన్నిసార్లూ అంత తెలివైన దాడి అక్కర్లేదు. 2023 నవంబర్‌లో అమెరికాలోని అలిక్విప్పా అనే చిన్న పట్టణంలో నీటి పంపింగ్ స్టేషన్ పీఎల్‌సీ ఒకటి దుండగుల చేతిలో పడింది. యూనిట్రానిక్స్ కంపెనీ తయారీ అది. నేరుగా ఇంటర్నెట్‌లో కనిపించే అలాంటి పరికరాలకు కంపెనీ ఇచ్చిన మొదటి పాస్‌వర్డ్ 1111. అక్కడ సిబ్బంది వెంటనే చేతి పద్ధతికి మారారు, నీళ్లు ఆగలేదు. తెలివైన దాడికి కూడా ఒక్కోసారి నిర్లక్ష్యమే దారిస్తుంది. 2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ కేంద్రంలో ప్రమాదం వస్తే ప్లాంటును ఆపాల్సిన రక్షణ కంట్రోలర్లలోకే ట్రైటన్ అనే మాల్‌వేర్ చొరబడింది. ఆ కంట్రోలర్‌కు తాళంచెవితో తిప్పే చిన్న స్విచ్చి ఉంటుంది. ‘నడుపు’ వైపు తిప్పి ఉంచితే ప్రోగ్రామ్‌ను బయటి నుంచి మార్చలేరు. దాన్ని ‘ప్రోగ్రామ్’ వైపే వదిలేశారు.

కాబట్టి రక్షణలో చాలా భాగం ఇంటి పనిలాంటి పనే. పీఎల్‌సీకి ఇంటర్నెట్ చిరునామా ఇవ్వకపోవడం, ఆఫీసు నెట్‌వర్క్‌కూ యంత్రాల నెట్‌వర్క్‌కూ మధ్య గట్టి గోడ కట్టడం, సరఫరా చేసిన కంపెనీ మరమ్మతు కోసం తెరిచిన దారిని పని అయ్యాక మూయడం, పెన్‌డ్రైవులను దూరం పెట్టడం, ఏ పెట్టె ఎక్కడుందో లెక్క రాసి ఉంచుకోవడం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబర్‌లో విద్యుత్ రంగానికి సైబర్ భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో బాధ్యుడైన అధికారిని నియమించడం నుంచి నమ్మకమైన చోట్ల నుంచే పరికరాలు కొనడం దాకా ఉన్నాయి. వాటితో పెద్ద కేంద్రాలు సర్దుకుంటాయి. అధికారి చూపు పడని చిన్న పరికరాల సంగతి వేరు.

బోరు మోటారుకు బిగించే మొబైల్ స్టార్టర్‌నే తీసుకోండి. అర్ధరాత్రి పాముల మధ్య పొలం వెళ్లకుండా మంచంలోంచే మోటారు వేసుకోవచ్చు. దాన్ని కాదనడం అన్యాయం. కానీ కొన్ని చవక రకాలు ఏ నంబర్ నుంచి ఫోన్ వచ్చినా వింటాయి. చాలావాటికి మొదటి పాస్‌వర్డ్ 1234 లాంటిది, అలాగే ఉండిపోతుంది. ఒక్క మోటారు పోతే ఒక రైతు నష్టపోతాడు. వేల స్టార్టర్లు ఒకే కంపెనీ సర్వర్ మీద నడిస్తే లెక్క మారుతుంది. ఇందులో తెలంగాణకు పాత అనుభవం ఉంది. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారిగా అందుకుని లైన్ల మీద లోడు పెంచేవి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వబోయే ముందు, వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులకు ఊరూరా చెప్పింది. అదే ఏడాది ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పత్రం రాశారు. ఇళ్లలోని పెద్ద కరెంటు పరికరాలను ఇంటర్నెట్ ద్వారా గుంపుగా ఆన్ చేసి గ్రిడ్‌ను కూల్చవచ్చని లెక్కలతో చూపారు. గీజర్లు, ఏసీలు అని వాళ్లు రాసిన చోట ఐదు హార్స్‌పవర్ మోటార్లు అని చదువుకుంటే అది మన మండలానికి సరిపోతుంది. తేడా ఒక్కటే. ఆటో స్టార్టర్లకు ఆ పని చేయాలన్న దురుద్దేశం లేదు.

స్టార్టర్ కొనేటప్పుడు రైతు అడగాల్సినవి కొన్నే. ముందుగా నమోదు చేసిన నంబర్ల మాటే వింటుందా? పాస్‌వర్డ్ మార్చుకోవచ్చా? సర్వర్ పనిచేయకపోయినా డబ్బా మీద చేతి స్విచ్చితో మోటారు వేయగలమా, ఆపగలమా? మూడోదానికి దుకాణదారు తడబడితే ఇంకో కంపెనీది చూపించమనాలి.