పాడి పశువుల్లో క్షయ: మెడ మీద వాపు ఏం చెబుతుంది?

పశువుకు క్షయ ఉందో లేదో చూడటానికి డాక్టరుగారు మెడ మీద వెంట్రుకలు గొరిగి, చర్మం పొరలోకి చిన్న సూది వేస్తారు. మూడో రోజుకు అక్కడ గట్టిగా ఉబ్బితే చాలామంది ‘సూది వికటించింది’ అని కంగారుపడతారు. కాపడం పెడతారు, పసుపు పట్టిస్తారు. అలా చేయకండి. ఆ వాపే పరీక్ష ఫలితం.

అది ఎందుకొస్తుందో చూద్దాం. క్షయ క్రిమి ఎక్కువగా గాలితో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఇరుకు కొట్టంలో, దగ్గే పశువు పక్కన కట్టేస్తే మరీ తేలిక. దూడలకు పాల ద్వారా కూడా సోకుతుంది. లోపలికొచ్చిన క్రిములను మింగి అరిగించుకునే కాపలా కణాలు ఊపిరితిత్తుల్లో ఉంటాయి. ఇవి క్షయ క్రిమినీ మింగుతాయి గానీ, చిక్కంతా అక్కడే. దాని ఒంటికి మైనంలాంటి దళసరి పూత ఉంటుంది. అందుకని అరగదు సరికదా, మింగిన కణంలోనే కాపురం పెట్టి సంతతి పెంచుకుంటుంది.

కణం మాత్రం ఊరుకోదు. ఆ పూతను గుర్తుపట్టి కొన్ని రసాయనాలు వదులుతుంది. వాటి ప్రభావంతో చుట్టుపక్కల సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు వదులై నీరు ఊరుతుంది, తెల్లకణాలు అటు పరుగెత్తుతాయి. వాపంటే ఇదే. కొన్ని వారాలకు లింఫు గ్రంథుల్లో టి కణాలు తయారై వచ్చి, గామా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాంతో కాపలా కణాలకు క్రిమిని చంపే సత్తా పెరుగుతుంది. అప్పటికీ చావని వాటి చుట్టూ కణాలన్నీ చేరి గోడ కడతాయి. ఊపిరితిత్తుల్లో కనిపించే గింజల్లాంటి గడ్డలు అవే. గడ్డ నడుమ కండ చచ్చి జున్నుముక్కలా మారుతుంది, పోనుపోను సున్నం పేరుకుంటుంది.

గోడ గట్టిగా ఉన్నన్నాళ్లు పశువు మేస్తుంది, పాలిస్తుంది. సంతలో చూస్తే ఏ జబ్బూ లేనట్టే ఉంటుంది. గోడ చితికితే క్రిములు దగ్గుతో బయటపడతాయి. ఊపిరితిత్తిని పాడుచేసేది క్రిమి ఒక్కటే కాదు, మితిమీరిన వాపు కూడా. అలాగని దగ్గుతున్న పశువుకు ఎవరో చెప్పారని స్టెరాయిడ్ సూదులు వేయించకండి. వాపు తగ్గుతుంది, దాంతోపాటు కాపలా కూడా తగ్గుతుంది.

ఇక పరీక్ష. సూదిలో బతికున్న క్రిమి ఉండదు, దాని మాంసకృత్తులు మాత్రమే ఉంటాయి. పేరు ట్యూబర్‌క్యులిన్. 1890లో రాబర్ట్ కోచ్ దీన్ని క్షయకు మందుగా ప్రకటించాడు. మందుగా పనికిరాలేదు గానీ పరీక్షగా నిలబడింది. క్రిమి ఇదివరకే సోకి ఉంటే టి కణాలకు జ్ఞాపకం ఉంటుంది. సూది వేసినచోటికి వచ్చి వాపు తెస్తాయి. అందుకే సూదికి ముందు చర్మం మందం కొలిచి, 72 గంటల తర్వాత మళ్లీ కొలుస్తారు. పెరుగుదల 4 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే సోకినట్టు. 2 మిల్లీమీటర్లు దాటకపోతే లేనట్టు. ఈ రెంటికీ మధ్య ఉంటే కనీసం 42 రోజులాగి మళ్లీ చేయించాలి.

వాపు రానంత మాత్రాన పూర్తిగా నమ్మలేం. జబ్బు కొత్తగా సోకినా, బాగా ముదిరినా, పశువు ఈనిన కొత్తలో అయినా వాపు రాకపోవచ్చు. పక్షుల క్షయ క్రిమి, జోన్స్ వ్యాధి క్రిమి తగిలిన పశువులో లేనిపోని వాపూ రావచ్చు. డాక్టరుగారు రెండుచోట్ల రెండు రకాల సూదులు వేసేది ఈ తేడా తేల్చడానికే.

సోకిందని తేలితే ఆ పశువును వేరే పాకలో, వేరే తొట్టి దగ్గర కట్టేయండి. దాని పాలు దూడకు తాగించవద్దు, ఇంట్లో వాడవద్దు. మిగతా పశువులన్నిటికీ పరీక్ష చేయించండి. వాటి పాలైనా పొంగేదాకా కాచాకే తాగాలి. పితికిన నురగపాలు పిల్లలకు పట్టే అలవాటుంటే ఈరోజే మానండి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గున్నా, మెడలో బిళ్లలు కట్టినా గవర్నమెంటు ఆస్పత్రిలో చూపించండి, పరీక్ష, మందులు ఉచితం. మా పశువుకు క్షయ ఉందని అక్కడ తప్పకుండా చెప్పండి. మనుషుల క్షయకు మామూలుగా ఇచ్చే మందుల్లో ఒకటైన పైరజినమైడ్, పశువుల క్షయ క్రిమి మీద పనిచేయదు.