చెప్పి వెళ్దాం

ఆదివారం మధ్యాహ్నం బెంగళూరు కుందలహళ్ళి ఏఈసీఎస్ లేఅవుట్‌లో ఏ ఆంధ్ర మెస్సుకు వెళ్ళినా పక్క బల్ల దగ్గర ఈ మాటలే.

"రాజీనామా పేపర్లు వేశావా?"

"వేసేశా. తొంభై రోజుల నోటీసంట. కొత్తోళ్ళేమో ముప్పైలో రమ్మంటున్నారు."

ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ మూడోవాడు అడుగుతాడు: "నోటీసుకు బదులు డబ్బు కట్టే బయౌట్ ఇస్తారా?"

2023 మార్చిలో మెట్రో వచ్చాక ఇక్కడ ఉద్యోగం మారినా ఇల్లు మారే పనిలేదు. నల్లూరుహళ్ళిలో దిగేవాళ్ళు పట్టందూరు అగ్రహారంలో దిగుతారు, అంతే. మారడం ఇంత తేలికయ్యాక, వదిలివెళ్ళే తీరు గురించి మనం మాట్లాడుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం నేనూ ఇక్కడే ఒక కంపెనీలో సపోర్ట్ టీములో ఉండేవాణ్ణి. మాలో ఒకతను శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ కొరియర్‌లో పంపేసి ఫోన్ ఆపేశాడు. మంగళవారం నెలాఖరు. రాత్రి ఒంటిగంటకు బిల్లుల జాబ్ ఆగిపోయింది. దాన్ని మళ్ళీ ఎలా నడపాలో అతనొక్కడికే తెలుసు. చేరి రెండు నెలలు కూడా కాని అమ్మాయి ఆ రాత్రి క్లయింటు కాల్‌లో ఒంటరిగా మాటలు పడింది. నోటీసు ఎవరికి ఇస్తామో నాకు ఆ రాత్రే తెలిసింది.

మరుసటి ఏడాది మా సీనియర్, నెల్లూరు అక్క, మానేసింది. ఒక ఎక్సెల్ షీటు తయారుచేసింది. మొదటి గడిలో జాబ్ పేరు, రెండోదాంట్లో అది ఏ తేదీన మొరాయిస్తుందో, మూడోదాంట్లో ఎవరికి ఫోన్ చేయాలో. ఒక పేరు పక్కన "ఉదయం తొమ్మిదిలోపు ఎత్తరు" అని కూడా రాసింది. చివరి పది రోజులు తను కీబోర్డు ముట్టుకోలేదు. ఆ అమ్మాయినే కూర్చోబెట్టి, పక్కన కుర్చీ వేసుకుంది. కేటీ, అంటే పని అప్పగించడం, అదీ.

ఆ పనికి నాలుగు వారాలు చాలు. తొంభై రోజుల్లో మిగతా రెండు నెలలు మనిషిని ఆపి ఉంచడానికే. కొత్త కంపెనీ ఆగదు, పాత కంపెనీ వదలదు. మధ్యలో నలిగినవాడు లేని జబ్బు చెప్తాడు, లేదా మాయమవుతాడు. అదే కంపెనీ తీసేయాలనుకుంటే చాలాచోట్ల ఒక్క కాల్‌తో సరి. ఇది అన్యాయం. ఇద్దరికీ ఒకే గడువు ఉండాలి. 1961 నాటి కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం ఎప్పుడో యజమానికి హద్దు పెట్టింది: ఆరు నెలలు పనిచేసినవారిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి, నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి.

చేయనన్నవారి చేత కోర్టులు బలవంతంగా ఉద్యోగం చేయించవు. అలాగని ఒప్పందంపై పెట్టిన సంతకం ఉత్తుత్తిది కాదు. మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని, కర్ణాటక హైకోర్టు తీర్పును పక్కనపెట్టి సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అది బాండు సంగతే అయినా, చదవకుండా సంతకం పెట్టే అలవాటున్న మనందరికీ వర్తించే హెచ్చరిక.

మన పక్షాన ఉన్నదీ తెలుసుకోవాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసి వెళ్ళినవారికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పీఎఫ్‌లో చివరి తేదీని కంపెనీ నమోదు చేయకపోతే, ఆఖరి చందా జమైన రెండు నెలల తర్వాత మనమే నమోదు చేసుకోవచ్చు.

మేనేజర్లూ, రిలీవింగ్ లెటర్ ఆపి మనిషిని బెదిరించకండి. వెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, రాజీనామా మెయిల్‌లో చివరి పనిరోజు తేదీ స్పష్టంగా వేయండి, కాపీ దగ్గర ఉంచుకోండి. మీ కుర్చీలోకి వచ్చేవాళ్ళ నంబరు తీసుకోండి. మొదటి నెలాఖరు రాత్రి వాళ్ళకు ఒక్క ఫోన్ చేయండి.