మేస్త్రీ పక్కన నిలబడ్డ ఆర్కిటెక్టు

తిరువనంతపురంలో తంపానూరు బస్టాండు దగ్గరి ఇండియన్ కాఫీ హౌస్ ఒక ఎర్ర ఇటుకల బురుజు. లోపల విడివిడి అంతస్తులు లేవు. నేలే గుండ్రంగా మెలితిరుగుతూ, వాలుగా పైకి సాగుతుంది. ఆ వాలు పొడవునా గోడకు ఆనించి కట్టేసిన బల్లలు, అరుగులు. గోడ నిండా ఇటుకల మధ్య వదిలిన కంతలు. వెలుతురూ గాలీ వాటిలోంచే వస్తాయి. ఇరుకు జాగాలో ఇంత హాయిగా కూర్చునే చోటు కల్పించినవారు లారీ బేకర్.

బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. ఆర్కిటెక్చర్ చదివారు. యుద్ధాన్ని అంగీకరించని క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు కావడంతో రెండో ప్రపంచ యుద్ధకాలంలో తుపాకీ పట్టకుండా చైనాలో రోగులకు సేవ చేశారు. ఇంటికి తిరిగి వెళుతూ ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీ పరిచయమయ్యారు. ఇల్లు కట్టడానికి కావలసిన సరుకంతా చుట్టూ అయిదు మైళ్లలోపే దొరకాలన్న గాంధీజీ మాట ఆయన మనసులో నాటుకుపోయింది. 1945లో మళ్లీ భారతదేశానికి వచ్చి కుష్ఠు రోగుల ఆసుపత్రులు కట్టే పనిలో చేరారు. డాక్టర్ ఎలిజబెత్‌ను పెళ్లాడి, హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో పదహారేళ్లు ఉన్నారు. కాలేజీ చదువుకన్నా ఎక్కువ అక్కడే నేర్చుకున్నారు. కొండ మనుషులు రాయి, మట్టి, కలపతో కట్టుకున్న ఇళ్లలో తరతరాల పరిశోధన ఉందని గ్రహించారు.

1960లలో కేరళ చేరాక ఆ నమ్మకమే ఆయన పనితీరయింది. ముందు ఇంటివాళ్లతో కూర్చుని వాళ్ల అలవాట్లు, వాళ్ల దగ్గరున్న డబ్బు, స్థలంలోని చెట్లు అన్నీ తెలుసుకునేవారు. పాత కవర్ల వెనక బొమ్మ గీసేవారు. తర్వాత పని జరిగేచోట మేస్త్రీ పక్కనే నిలబడేవారు. బండరాయి అడ్డొస్తే గోడ వంగేది, చెట్టుంటే ఇల్లు పక్కకు జరిగేది. నక్షా గీసిచ్చి వెళ్లిపోయే ఆర్కిటెక్టు ఇలా కట్టించలేడు.

ఆయన ఎక్కువగా వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్ గోడనే చూడండి. మామూలు తొమ్మిదంగుళాల గోడలో ఇటుకను పడుకోబెడతారు. ఇందులో అంచు మీద నిలబెడతారు. రెండు వరసల మధ్య దాదాపు మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. గోడ మందం తగ్గదు, ఇటుకలు మాత్రం సుమారు నాలుగో వంతు ఆదా. పైగా ఆ ఖాళీలోని గాలి ఎండవేడిని లోపలికి తొందరగా రానివ్వదు. శ్లాబు సంగతీ అంతే. శ్లాబు కింది భాగంలో కాంక్రీటు బరువు మోయదు, అక్కడ భారం ఇనుప ఊచలది. అందుకే ఊచల గళ్లలో మంగుళూరు పెంకులు పరిచి కాంక్రీటు పోయించేవారు. సిమెంటు తగ్గేది, శ్లాబు బరువు తగ్గడంతో ఇనుమూ తగ్గేది.

ప్లాస్టరింగ్ చేయించేవారు కాదు. దాంతో ఖర్చు తగ్గడం ఒక లాభం. అంతకన్నా పెద్ద సంగతి, మేస్త్రీ పనితనం ఇంటి ముఖం మీద కనిపించడం. వరస తప్పిన ఇటుకను దాచడానికి పైన సిమెంటు పూత ఉండదు. డబ్బులో ఎక్కువ వాటా సిమెంటు కంపెనీకి కాక పనివాళ్ల కూలికి చేరడం కూడా ఈ పద్ధతిలోని న్యాయమే. పర్యావరణం పేరుతో ఖరీదైన సామగ్రి అమ్మే ఈ రోజుల్లో దీన్ని గట్టిగా చెప్పుకోవాలి.

1970ల మధ్యలో తిరువనంతపురం శివారు పూంతురలో మత్స్యకారుల కోసం కట్టిన ఇళ్లు మరో ఉదాహరణ. ప్రభుత్వ కాలనీల్లో మాదిరి ఒకే వరసలో నిలబెట్టకుండా, ఒకదానికొకటి కాస్త పక్కకు జరిపి కట్టారు. దాంతో ప్రతి ఇంటికీ సముద్రపు గాలి తగిలింది, ముందు వలలు ఆరేసుకునే జాగా మిగిలింది. ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ కోరిక మీద కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణలో పెద్ద సంస్థకూ ఈ పద్ధతి సరిపోతుందని రుజువైంది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ఇటుక గట్టిగా, అంచులు సరిగా ఉండాలి. కరెంటు పైపులు, నీళ్ల గొట్టాలు ఎటు వెళ్లాలో గోడ లేవకముందే తేల్చుకోవాలి. ఇటుక కాల్చడానికీ ఇంధనం కావాలి. బేకర్‌కు ఇది తెలుసు. అందుకే మట్టి గోడల గురించి ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం రాసి, బొమ్మలు తానే గీశారు.

1985లో మొదలైన కాస్ట్‌ఫర్డ్ సంస్థ ఆయన పద్ధతులతో ఇళ్లు కడుతూ, పనివాళ్లకు నేర్పుతోంది. 1990లో పద్మశ్రీ అందుకున్న బేకర్ 2007 ఏప్రిల్ 1న కన్నుమూశారు. ఆంధ్రలో, తెలంగాణలో ఇల్లు కట్టబోయేవారు ఎలివేషన్ బొమ్మలు ఎంచుకోవడానికి ముందు మేస్త్రీని, ఇంజినీరును ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడండి. దగ్గర్లో ఏ మట్టి, ఏ రాయి, ఏ ఇటుక మంచివో అడగండి. ఒక్క గోడైనా ర్యాట్ ట్రాప్ బాండ్‌తో కట్టించి చూడండి.