పాలకొల్లు మార్కు జాంబీ!

రక్తం తాగే పిశాచాల దెబ్బకి దేశమే నాశనమైంది. ప్రాణాలతో మిగిలిన కొద్దిమంది కారెక్కి, తలదాచుకునే చోటు వెతుక్కుంటూ పోతున్నారు... 2010లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'స్టేక్‌ ల్యాండ్' కథ ఇది. అలాంటి కారే మన రోడ్డెక్కితే? ఆ సరదా తీర్చింది గోదావరి కుర్రాడే!

భీమవరం పక్కనున్న పాలకొల్లులో పుట్టిన ప్రశాంత్ వర్మ 2021లో 'జాంబీ రెడ్డి' తీశాడు. స్నేహితుడి పెళ్లికని హైదరాబాద్ నుంచి కర్నూలుకు కారులో బయల్దేరిన మిత్రబృందానికి జాంబీల బెడద చుట్టుకుంటుంది. అసలే అది ఫ్యాక్షన్ సీమ. ఒకపక్క కత్తులు, మరోపక్క కోరలు!

జాంబీలూ రక్తపిశాచాలూ దగ్గరి చుట్టాలే. రిచర్డ్ మాథెసన్ 1954లో రాసిన 'ఐ యామ్ లెజెండ్' నవలలో ఊళ్లన్నీ రక్తపిశాచాల పాలవుతాయి. దాని స్ఫూర్తితోనే జార్జ్ రొమెరో 1968లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. నేటి తెర జాంబీలకు మూలం అదే.

భయపెట్టడం పాలకొల్లుకు కొత్తేం కాదు. 'అమ్మోరు'(1995), 'అరుంధతి'(2009) తీసిన కోడి రామకృష్ణదీ ఆ ఊరే. దెయ్యం ఏ దేశానిదైనా, అది మీదపడింది మనవాళ్ల మీదే అయితే చంపుకోవాలా, కాపాడుకోవాలా? మన ప్రేక్షకుల్ని కుర్చీలోంచి కదలనివ్వనిది ఆ ప్రశ్నే!