ప్రభుత్వ మేత భూములపై పశుసంఖ్య నిర్ణయం: అమెరికా రేంజ్ నిపుణుల విధులు, పద్ధతులు

పంట భూమిలో పనిచేసే శాస్త్రవేత్తకు విత్తనం, ఎరువు, నీరు, సస్యరక్షణ మందులు అనే సాధనాలు అందుబాటులో ఉంటాయి. ప్రకృతిసిద్ధమైన మేత భూములపై పనిచేసే వారికి ఇవి దాదాపు లేవనే చెప్పాలి. వర్షపాతం తక్కువగా ఉండి, నేల లోతు లేక, దుక్కికి అనువుగాని విశాల ప్రాంతాలలో విత్తడం, ఎరువులు వేయడం ఖర్చు దృష్ట్యా అరుదుగా మాత్రమే సాధ్యం. అక్కడ నిపుణులు మార్చగలిగినవి ప్రధానంగా నాలుగు: ఏ జాతి పశువులు మేయాలి, ఎన్ని మేయాలి, ఏ కాలంలో మేయాలి, ఎక్కడ మేయాలి. వీటిలో ‘ఎన్ని’ అన్నదే అత్యధిక వివాదానికి కారణమవుతున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ ప్రాంతంలోని ప్రభుత్వ భూములపై ఈ ప్రశ్నకు లెక్కతో సమాధానం చెప్పవలసిన ఉద్యోగిని రేంజ్‌ల్యాండ్ మేనేజ్‌మెంట్ స్పెషలిస్ట్ అంటారు. ఈ వ్యాసంలో రేంజ్ నిపుణులు అని వ్యవహరిద్దాం.

భూములు, చట్టం

బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (బి.ఎల్.ఎం.) అధీనంలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ అధీనంలో సుమారు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. బి.ఎల్.ఎం. భూములలో సుమారు 15.5 కోట్ల ఎకరాలలో పశువుల మేతకు అనుమతి ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విస్తీర్ణం మొత్తం కలిపినా ఇందులో సగానికి చేరదు.

పందొమ్మిదవ శతాబ్దం చివరి వరకు ఈ భూములు ఎవరి మంద ముందు చేరితే వారివి. ఈ రోజు తాను వదిలిన గడ్డిని రేపు మరొకరి మంద తినివేస్తుందని తెలిసిన కాపరికి గడ్డిని మిగిల్చే కారణమే లేదు. జాతీయ అరణ్యాలలో ఫారెస్ట్ సర్వీస్ 1906 నుండి మేత రుసుము వసూలు చేయడం ప్రారంభించింది. మిగిలిన ప్రభుత్వ భూములకు నియంత్రణ 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టంతో వచ్చింది. భూమిని ‘అలాట్‌మెంట్’ అనే మేత విభాగాలుగా విభజించి, సమీపంలో సొంత భూమి లేదా నీటి వనరు గల పశుపోషకులకు అనుమతి పత్రాలు ఇచ్చారు. ఈ చట్టం అమలుకు ఏర్పడిన గ్రేజింగ్ సర్వీస్, జనరల్ ల్యాండ్ ఆఫీసు 1946లో విలీనమై బి.ఎల్.ఎం. ఏర్పడింది. అనుమతి సాధారణంగా పది సంవత్సరాలకు ఇస్తారు. భూమిపై యాజమాన్య హక్కు మాత్రం ప్రభుత్వానిదే. అయినప్పటికీ, మూడు తరాలుగా ఒకే విభాగంలో పశువులు మేపుతున్న కుటుంబం దానిని తన సొంత భూమిలోని భాగంగానే భావించడం సహజం. రేంజ్ నిపుణుల ఉద్యోగంలోని చిక్కులకు మూలం చాలావరకు ఇక్కడే ఉన్నది.

పశు ప్రమాణ మాసం

ఒక ఆవు దూడతో సహా, లేదా ఒక గుర్రం, లేదా ఐదు గొర్రెలు లేక మేకలు ఒక నెల పాటు తినే మేతను ‘యానిమల్ యూనిట్ మంత్’ అంటారు. దీనిని తెలుగులో పశు ప్రమాణ మాసం అనవచ్చు. అనుమతి పత్రం, రుసుము, వినియోగ నివేదిక అన్నీ ఈ ప్రమాణంలోనే ఉంటాయి. రుసుమును మాంసపు పశువుల ధర, ప్రైవేటు మేత భూముల కౌలు, ఉత్పత్తి ఖర్చుల ఆధారంగా ఏటా లెక్కిస్తారు. 1986 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం అది 1.35 డాలర్లకు తగ్గరాదు. ఎన్నో సంవత్సరాలు రుసుము ఆ కనీస స్థాయి వద్దనే నిలిచింది. ప్రైవేటు కౌలుతో పోల్చితే ఇది చాలా తక్కువ అన్న విమర్శ పాతదే.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక విభాగం వైశాల్యం 400 హెక్టార్లు, సగటు ఎండు మేత దిగుబడి హెక్టారుకు 350 కి.గ్రా. అనుకుందాం. మొత్తం 1,40,000 కి.గ్రా. ఇందులో పశువులు తినదగినది 35 శాతం అని నిర్ణయిస్తే 49,000 కి.గ్రా. లభిస్తుంది. ఒక ఆవుకు రోజుకు 12 కి.గ్రా. చొప్పున నెలకు 360 కి.గ్రా. కావాలి. అంటే 136 పశు ప్రమాణ మాసాలు, లేదా నాలుగు నెలలకు 34 ఆవులు.

పుస్తకంలో లెక్క ఇక్కడితో ముగుస్తుంది. క్షేత్రంలో అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఆవులు కొండవాలు ఎక్కడానికి, నీటికి దూరంగా వెళ్ళడానికి ఇష్టపడవు. రేంజ్ శాస్త్రవేత్త జెర్రీ హోలెచెక్ 1988లో సూచించిన సవరణల ప్రకారం 60 శాతానికి మించిన వాలు గల భూమిని ఆవుల మేతకు లెక్కించరాదు. నీటికి 1.6 నుండి 3.2 కి.మీ. దూరంలోని భూమిని సగానికి లెక్కించాలి. అంతకు మించిన దూరమైతే వదలివేయాలి. పై విభాగంలో 100 హెక్టార్లు నిటారు వాలు, మరో 100 హెక్టార్లు నీటికి సుమారు 2 కి.మీ. దూరం అనుకుంటే, పశువులకు నిజంగా అందుబాటులో ఉన్నది 250 హెక్టార్లకు సమానం. అప్పుడు 85 పశు ప్రమాణ మాసాలు, అంటే నాలుగు నెలలకు 21 ఆవులు మాత్రమే వస్తాయి. ముప్పై నాలుగుకు, ఇరవై ఒకటికి మధ్య తేడా పదమూడు ఆవులు. ఒక చిన్న పశుపోషక కుటుంబానికి అది ఏడాది ఆదాయంలో కనిపించే లోటు. ఆ పదమూడింటిని లెక్కలో ఉంచితే అవి కొండ ఎక్కవు. వాగు ఒడ్డున గల పచ్చికనే మొదలంటా కొరికివేస్తాయి. కొత్త నీటి తొట్టి ఏర్పాటు చేయడం, ఉప్పు దిమ్మెలను నీటికి దూరంగా ఉంచడం, కంచెతో విభాగాన్ని పాయలుగా చేయడం వంటి పనుల వలన ఆ కోతను కొంత తగ్గించవచ్చు. కనుక సంఖ్య తగ్గించమనే ముందు నీరు ఎక్కడ ఉన్నదో చూడడం మంచి నిపుణుల లక్షణం.

కొలతలు

వసంతంలో నేల ఆరి, గడ్డి మేతకు సిద్ధమయినదా అని చూడడం, వేసవిలో శాశ్వత పరిశీలన స్థలాలలో కొలతలు, మేత కాలం ముగిశాక వినియోగం అంచనా, శీతాకాలంలో అనుమతుల పునరుద్ధరణ పత్రాలు: సంవత్సరం స్థూలంగా ఇలా సాగుతుంది. అనుమతిదారు కూడా ఎన్ని పశువులను ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు మేపినదీ తెలిపే వాస్తవ వినియోగ నివేదికను, అనుమతి పత్రంలో కోరిన పక్షంలో, మేత ముగిసిన 15 రోజులలోగా ఇవ్వాలి.

దిగుబడి కొలతకు పద్ధతి సరళమైనది. చట్రం లోపలి గడ్డిని కోసి, ఆరబెట్టి, తూచడమే. అక్కడి వారు 9.6 చదరపు అడుగుల చట్రం వాడడానికి కారణం, అందులోని ఒక గ్రాము ఎకరానికి 10 పౌండ్లకు సమానం కావడం. మనకు ఒక చదరపు మీటరు క్వాడ్రాట్ ఇదే సౌలభ్యాన్ని ఇస్తుంది: గ్రాములను పదితో గుణిస్తే హెక్టారుకు కిలోగ్రాములు. నేల కప్పు కొలవడానికి టేపు పరచి, నిర్ణీత దూరాలలో సన్నని పుల్లను నిలువుగా దించి, అది ఆకును తాకినదా, ఎండుటాకునా, రాతినా, వట్టి నేలనా అని నమోదు చేస్తారు. వీటితోపాటు ప్రతిసారీ అదే స్థలం నుండి, అదే దిశలో ఒక ఛాయాచిత్రం తీస్తారు.

వినియోగ శాతం విషయంలో విద్యార్థులు తరచుగా పొరబడే అంశం ఒకటి ఉన్నది. దుబ్బు గడ్డిలో బరువు ఎక్కువగా మొదలు దగ్గర ఉంటుంది. సగం ఎత్తు కొరికినంత మాత్రాన సగం బరువు పోయినట్టు కాదు. పోయినది అంతకంటే చాలా తక్కువ. అందువలన ప్రతి ముఖ్య జాతికి ఎత్తు, బరువుల సంబంధాన్ని విడిగా కట్టుకోవాలి. ఒక్క సంవత్సరపు వినియోగ శాతంపై ఆధారపడి పశుసంఖ్యను మార్చడం సమంజసం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కరవు ఏడాదిలో మేత తక్కువ గనుక శాతం పెరుగుతుంది. మంచి వానల ఏడాదిలో అదే మందకు శాతం పడిపోతుంది. కొన్ని సంవత్సరాల వరుస, వర్షపాత వివరాలతో కలిపి చూసినప్పుడే దానికి అర్థం ఏర్పడుతుంది.

తిరిగి రాని మార్పు

ఈ శాస్త్రానికి ఆద్యులలో ఆర్థర్ సాంప్సన్ ఒకరు. ఆయన 1907 నుండి ఓరెగాన్‌లోని వలోవా పర్వతాలలో పరిశోధనలు చేసి, విత్తనం పక్వమయ్యే వరకు కొంత భాగాన్ని మేపకుండా వదలి, ఆ వంతును ఏటా మార్చే పద్ధతిని ప్రతిపాదించారు. 1949లో డిక్‌స్టర్‌హాయిస్ మేత ఒత్తిడికి తగ్గే జాతులు, పెరిగే జాతులు, కొత్తగా చొరబడే జాతులు అనే వర్గీకరణతో భూమి స్థితిని అంచనా వేసే విధానాన్ని రూపొందించారు. దీనిలో అంతర్లీనంగా ఉన్న భావన: పశువులను తగ్గిస్తే వృక్షసముదాయం వచ్చిన దారినే వెనుకకు వెళుతుంది.

గ్రేట్ బేసిన్ ప్రాంతంలో ఈ భావన విఫలమయింది. అక్కడి సహజ వృక్షసంపద సేజ్‌బ్రష్ పొదలు, వాటి నడుమ బహువార్షిక దుబ్బు గడ్డి. అతిమేత వలన దుబ్బులు పలచబడిన చోట యురేషియా నుండి వచ్చిన చీట్‌గ్రాస్ అనే ఏకవార్షిక గడ్డి వ్యాపించింది. ఇది శరదృతువులో మొలచి, వేసవి ఆరంభానికే విత్తనం రాల్చి ఎండిపోతుంది. పొదల మధ్య ఖాళీ నేల ఉన్నప్పుడు ఆగిపోయే మంట, ఈ ఎండు గడ్డి పరుపుపై మైళ్ళ తరబడి సాగుతుంది. అక్కడ విస్తారంగా ఉన్న పెద్ద సేజ్‌బ్రష్ కాలిన మొదలు నుండి చిగురించదు. విత్తనంతో తిరిగి పెరిగేలోగా మరొక మంట వస్తుంది. ఆ దశ దాటిన తరువాత పశువులను పూర్తిగా తొలగించినా పాత స్థితి రాదు. 1989లో వెస్ట్‌బీ, వాకర్, నోయ్-మెయిర్ ప్రతిపాదించిన ‘స్థితులు, పరివర్తనల’ నమూనా ఇటువంటి మార్పులను వివరించడానికే వచ్చింది.

పశుసంఖ్యపై నిర్ణయానికి గడువు ఉండడం దీని ఫలితం. భూమి స్పష్టంగా చెడినట్టు అందరికీ కనిపించే నాటికి ఆలస్యమయిపోవచ్చు; ముందుగా చెబితే, పచ్చగా కనిపిస్తున్న భూమిపై కోత ఎందుకని పశుపోషకుడు అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నిపుణులు చూపగలిగినది పదిహేనేళ్ళ ఛాయాచిత్రాలు, దుబ్బుల సంఖ్య, వట్టి నేల శాతం మాత్రమే.

నిర్ణయం, అభ్యంతరం

1969 నాటి జాతీయ పర్యావరణ విధాన చట్టం, 1976 నాటి సమాఖ్య భూవిధాన చట్టం వలన మేత ఒక్కటే లక్ష్యంగా ఈ భూములను చూడడం కుదరదు. సేజ్‌గ్రౌస్ పక్షి ఆవాసం, 1971 చట్టం రక్షణ పొందిన అడవి గుర్రాలు, చేపలు ఉన్న వాగులు, వేటగాళ్ళు, గనులు అన్నీ అదే నేలపై హక్కు కోరుతాయి. అనుమతి షరతులు మార్చదలచినప్పుడు ముందుగా అనుమతిదారుతో సంప్రదింపులు, తరువాత ప్రతిపాదిత నిర్ణయం వెలువడతాయి. దానిపై 15 రోజులలో అభ్యంతరం, తుది నిర్ణయంపై 30 రోజులలో అప్పీలు చేయవచ్చు. విచారణలో ప్రశ్నలన్నీ కొలతల చుట్టూ తిరుగుతాయి: స్థలం ఎలా ఎంచుకున్నారు, ఎన్ని చట్రాలు వేశారు, తేదీ ఏది. పొలం పుస్తకంలో వ్రాయని పరిశీలన అక్కడ లేనట్టే.

విద్యార్హత

ఈ ఉద్యోగ శ్రేణికి సమాఖ్య ప్రభుత్వం నిర్దేశించిన అర్హత, డిగ్రీలో 42 సెమిస్టర్ గంటల పాఠ్యాంశాలు: రేంజ్ యాజమాన్యంలో కనీసం 18, మొక్కలు, పశువులు, నేలల శాస్త్రాలలో 15, అనుబంధ వనరుల యాజమాన్యంలో 9. అమెరికాలో ఉన్నత విద్య ఆలోచించే మన విద్యార్థులు గమనించవలసినది, సమాఖ్య శాశ్వత ఉద్యోగాలకు సాధారణంగా ఆ దేశ పౌరసత్వం కావాలి. విశ్వవిద్యాలయ పరిశోధన వేరు మార్గం.

మన ప్రాంతానికి అన్వయం

దక్కను పీఠభూమి గడ్డి భూములు సెహిమా–డైకాంథియం రకానికి చెందినవి. అతిమేత వలన సెహిమా తగ్గి హెటిరోపోగాన్, ఆ తరువాత అరిస్టిడా వంటి నాసిరకం గడ్డి ప్రబలుతుందని చాలా కాలంగా తెలిసినదే. అనుమతి పత్రాలు, కంచెల విధానాన్ని గొల్ల, కురుమ కాపరుల వలస మందలపై రుద్దడం సరికాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల కాలానుగుణ మేతను హక్కుగా గుర్తించింది. కొలత పద్ధతులకు మాత్రం ఏ అడ్డంకీ లేదు.

తెలంగాణలో 2017లో ప్రారంభమయిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక యూనిట్ 20 గొర్రెలు, ఒక పొట్టేలు. ఒక్కొక్కటి 30 కి.గ్రా. బరువుతో రోజుకు 0.9 కి.గ్రా. ఎండు మేత తింటుందనుకుంటే, యూనిట్‌కు ఏడాదికి సుమారు 6.9 టన్నులు కావాలి. హెక్టారుకు 1,500 కి.గ్రా. ఇచ్చే భూమిలో సగం మాత్రమే మేపితే, ఇది తొమ్మిది హెక్టార్లకు పైబడిన మాట. పంట కోత తరువాతి మోళ్ళు, చెట్ల ఆకులు ఇందులో కొంత తీరుస్తాయి. ఎంత తీరుస్తాయన్నది గ్రామం వారీగా కొలవవలసినదే. అమెరికా ఆవు ప్రమాణాన్ని ఇక్కడ యథాతథంగా వాడరాదు, మన నాటు పశువుల బరువు అందులో చాలా తక్కువ.

గ్రామ మేత పోరంబోకులో పశువులు ఏడాది పొడవునా తిరుగుతుంటాయి గనుక నేరుగా గడ్డి కోసి తూస్తే దిగుబడి తక్కువగా కనిపిస్తుంది. దీనికి మీటరు పొడవు, మీటరు వెడల్పు గల ఇనుప బోనులు పది, పన్నెండు తొలకరికి ముందే వేర్వేరు చోట్ల బిగించి, గడ్డి పూత ముగిసే సమయంలో బోను లోపల, దాని పక్కన బయట కూడా కోసి తూచాలి. లోపలి బరువు దిగుబడి అంచనా. లోపలికి, బయటకు గల తేడా పశువులు తిన్న మేత. మరుసటి ఏడాది బోనులను అదే చోట ఉంచక, కొత్త స్థానాలకు మార్చాలి.